మంచిదాని జోలికి వెళ్లొద్దు

లాండ్రీ మేడ మీద గది,
మార్చి

తమ్ముడూ,

నిన్న ఫోనులో నీ గొంతు ముక్కలు ముక్కలుగా వినిపించి తెగిపోయింది. నువ్వు పైన ఫోను లేక కొండ కింది స్టేషనుకు దిగి పదిమంది మధ్య, నేను ఆసుపత్రి వరండాలో పదిమంది మధ్య. అలా అరుచుకుంటూ మాట్లాడుకునే విషయమా ఇది? అందుకే కాగితం మీద పెడుతున్నాను. నేను సిగ్గుపడకుండా రాస్తాను, నువ్వూ సిగ్గుపడకుండా చదువు.

ముందుగా, నీ కొడుకు, మన పిడుగు, బాగానే ఉన్నాడు. లేచి కూర్చున్నాడు. పక్క మంచం కుర్రాడితో అప్పుడే తగువు కూడా పెట్టుకున్నాడు. ఇక ప్రాణం కుదుటపరచుకుని మిగతాది చదువు.

శనివారం పొద్దున కిందికి దిగి వచ్చి కడుపులో నొప్పి అన్నాడు. ఆ రోజు హోటలు వాళ్ల టేబులు గుడ్డలన్నీ వచ్చి పడ్డాయి, బాయిలరు అప్పుడే రాజుకుంది. బడి లేని రోజు కూడా కడుపునొప్పేమిట్రా అని వేళాకోళం ఆడి, వేడినీళ్లు తాగించి పడుకోమన్నాను. మధ్యాహ్నం పైకి వెళ్లి చూస్తే దుప్పటి ఉతికి కిటికీకి ఆరేసి ఉంది. వాడు గోడవైపు తిరిగి మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని పడుకున్నాడు. వాంతి చేసుకుని, నాకు తెలియకుండా తనే ఉతుక్కున్నాడు. ఊరందరి బట్టలు చూసి వాళ్ల సంసారాలు చెప్పేస్తానని నువ్వు నన్ను ఎగతాళి చేస్తావు కదా, ఆ దుప్పటి చూసి నాకు వెంటనే తట్టలేదు. ఎక్కడరా నొప్పి అంటే పొట్ట మీదే చెయ్యి పెట్టాడు. ఇంకా కింద అని అత్తకు ఎలా చెబుతాడు? పదమూడేళ్లు వచ్చాయి, ఆడదాన్ని నేను.

ఆసుపత్రిలో పిల్లల సర్జను చూసిన మరుక్షణం లోపలికి తీసుకుపోయాడు. వృషణం, మనం బీజం అంటామే, అది తాను వేలాడే నరం చుట్టూ తనే మెలి తిరిగిపోయిందట. రక్తం అందదు. మొదటి కొద్ది గంటల్లో విప్పితే బతుకుతుంది, ఆలస్యమైతే చచ్చిపోతుంది. మేం ఆలస్యంగానే వెళ్లాం. విప్పి, వేడి గుడ్డ కప్పి చూస్తే నల్లబడ్డది కాస్త రంగు తేరిందట. అందుకని తీసేయకుండా ఉంచి చూద్దామన్నాడు.

ఆ తర్వాత సంగతే నీతో ఫోనులో చెప్పబోయింది. లోపల గోడకు అంటుకుని ఉండాల్సిన బీజం వాడికి పుట్టుకతోనే వదులుగా వేలాడుతోందట. ఒక వైపు అలా ఉంటే రెండో వైపూ అలాగే ఉంటుందట. మత్తులో ఉండగానే దానికీ రెండు కుట్లు వేసి కదలకుండా చేస్తే మంచిది, తండ్రి ఒప్పుకోవాలి అన్నాడు. నువ్వు “మంచిదాని జోలికి వెళ్లొద్దు” అన్నావు. లైను పోయింది. ఆ మాటే సర్జనుకు చెప్పాను. ఆయన అలాగే రాసుకున్నాడు.

నిదానంగా ఆలోచించు. కుట్లు ఇప్పటికైనా వేయొచ్చట.

అక్క


పై స్టేషను, కొండ మీద,
మార్చి

అక్కా,

ఉత్తరం తాడు మీద ఖనిజం తొట్టిలో పైకి వచ్చింది, దుమ్ముతో సహా. చదివాను. మళ్లీ చదివాను. పొద్దున నొప్పి అన్నవాణ్ని మధ్యాహ్నం దాకా మంచం మీద వదిలేశావు. టేబులు గుడ్డలు వచ్చాయట. హోటలు వాళ్లు ఒక పూట మరకల గుడ్డల మీద తింటే కొంప మునిగేదా?

వాడు పొట్ట మీద చెయ్యి పెట్టాడు కాబట్టి పొట్టే అనుకున్నావు. కన్నవాళ్లకైతే ఆ నొప్పికీ కడుపునొప్పికీ తేడా ముఖం చూస్తేనే తెలిసేది.

ఇక రెండో దాని సంగతి. ఆ సర్జనుకు చెప్పు, నేను తాళ్లు చూసుకుని బతికేవాణ్ని. ఈ కొండ నుంచి కిందికి ఖనిజం తొట్లు మోసే ఇనుప తాళ్లు ఇన్నేళ్లుగా నా చేతుల మీదుగా నడుస్తున్నాయి. నడుస్తున్న తాడు మీద చెయ్యి వేయకూడదని మా మొదటి పాఠం. పాడైన తాడును విప్పుతాం, కోస్తాం, అతుకుతాం. మంచి తాడును మంచిగా ఉండగానే కెలికితే అక్కడే తెగుతుంది. వాడి ఒంట్లో ఒకటి బాగుంది. దాన్ని బాగా ఉండనివ్వండి.

వాళ్లమ్మ కూడా ఆ రోజు నడుచుకుంటూనే లోపలికి వెళ్లింది, అక్కా. చిన్న గడ్డ, అరగంట పని అన్నారు. చెప్పులు నా చేతికిచ్చి వెళ్లింది. మత్తులోంచి మళ్లీ లేవలేదు. అవసరం లేని మత్తు నా కొడుక్కి ఇవ్వనివ్వను. మళ్లీ అడగకు.

తమ్ముడు


లాండ్రీ,
ఏప్రిల్

తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది.

కుట్లు మానాయి. బడికి వెళుతున్నాడు. ఆటలు కొన్నాళ్లు వద్దన్నారు. బడిలో ఎవరైనా అడిగితే గజ్జల్లో గడ్డ తీశారని చెప్పమన్నాను. అది వాడే అడిగాడు, ఏం చెప్పాలత్తా అని.

నీ ఉత్తరంలో ఒక వాక్యానికి నేను జవాబు రాయను. అది ఏ వాక్యమో నీకు తెలుసు.

నీ చలి కోటు బాగుచేసి పంపుతున్నాను. మోచేతుల దగ్గర తోలు ముక్కలు వేశాను.

అక్క


పై స్టేషను,
ఏప్రిల్

అక్కా,

కోటు వచ్చింది. మోచేతులే కాదు, జేబులు కూడా కొత్తవి వేశావు. తిట్టినవాడికి జేబులు కుట్టేదానివి నువ్వొక్కదానివే. నీ ఉత్తరం చదివాక నాకు చలి వేసింది. ఇన్నేళ్లలో నువ్వెప్పుడూ “తమ్ముడికి” అని మొదలుపెట్టలేదు, అదేదో కరెంటు ఆఫీసుకు రాసినట్టు.

నోరు జారాను. కాదు, నోరైతే జారుతుంది, నేను చేత్తో రాశాను. ఆ రోజు పైన మంచు. ఏ పనీ లేదు. నీ ఉత్తరం ముందు పెట్టుకుని కూర్చుంటే ఎవర్నో ఒకర్ని కొట్టాలనిపించింది, దగ్గర్లో నువ్వే ఉన్నావు. వాడికి పాలు పట్టింది నువ్వు. వాడికి జ్వరం వస్తే నీ ఒళ్లు కాలేది. నాకు తెలుసు. ఆ వాక్యం చింపెయ్.

మా వంటవాడు నన్ను చూసి, ఏం పెద్దమనిషీ, తాడు మింగినట్టున్నావు అంటున్నాడు. వాడి కూర తిని అలా అయ్యానని చెప్పాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇలాంటిది ఎలా చెబుతాం?

సీజను అయ్యాక కొండ మూసేస్తారు. అప్పుడు వస్తాను. పిడుగును నేనే తీసుకెళ్లి ఆ సర్జనుతో మగాడిగా మాట్లాడతాను. అప్పటిదాకా ఆగు.

తమ్ముడు


లాండ్రీ మేడ మీద,
జూన్

తమ్ముడూ,

ఆ వాక్యం చింపలేదు. అదే కాగితం వెనక నువ్వు పిడుగుకు రాసిన రెండు ముక్కలు ఉన్నాయి, వాడు దాచుకున్నాడు. ముందువైపు మడిచి అంటించేశాను. ఇక ఆ ఊసు వద్దు.

నిన్న సర్జను దగ్గరికి వెళ్లాం. పాడైన వైపు బీజం ఎండిన చిక్కుడు గింజంత అయిపోయింది. బతకలేదు. పిడుగు బయట కూర్చున్నప్పుడు నాకు చెప్పాడు, తర్వాత వాడిని పిలిచి వాడికీ చెప్పాడు. పిల్లవాడి ఒంటి సంగతి పిల్లవాడికి తెలియాలన్నాడు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది, భయమూ వేసింది.

పిడుగు ఒకటే అడిగాడు. “మరి నా గొంతు మారుతుందా?” వాడి తరగతిలో సగం మందికి గొంతు బొంగురుపోయింది, వీడొక్కడు ఇంకా సన్నగా మాట్లాడతాడని ఏడిపిస్తున్నారట. గొంతు మారడం, మీసం రావడం, ఎముక గట్టిపడటం అంతా బీజాల్లో ఊరే హార్మోను వల్లే, ఒక్కటున్నా చాలు, రెండింటి పనీ అదే చేస్తుంది అన్నాడు సర్జను. దారి పొడవునా వాడు బొంగురు గొంతు పెట్టి బస్సులో నన్ను “ఏవమ్మా, టిక్కెట్టు తీసుకున్నావా” అని అడుగుతూనే ఉన్నాడు. నేను నవ్వాను. నవ్వు ఆపుకోలేక కాదు, ఏడుపు ఆపుకోవడానికి.

ఇక ఆయన నాకు విడిగా చెప్పింది. మన ఒంట్లో రోగాలతో పోట్లాడే కాపలావాళ్లు ఉంటారట. బీజంలో తయారయ్యే సరుకును వాళ్లు ఎన్నడూ చూసి ఎరగరు, మధ్యలో ఒక గోడ ఉంటుంది. ఒక వైపు చచ్చిపోతే ఆ గోడ కారుతుంది. లోపలి సరుకు బయటపడితే వాళ్లు దొంగ దూరాడనుకుని ఆయుధాలు తయారుచేస్తారు. ఆ ఆయుధాలు రక్తంలో తిరిగి తిరిగి, అదే సరుకు ఉన్న రెండో వైపు మీద కూడా పడొచ్చట. ఇంటివాణ్నే దొంగనుకుని కొట్టడం. జంతువుల మీద చేసిన పరీక్షల్లో ఇది స్పష్టంగా తెలిసింది, పిల్లల్లో అందరికీ అవుతుందని చెప్పలేం, ఎవరికి అవుతుందో ముందే తెలియదు అన్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి. రక్తం తీసుకున్నాడు.

చచ్చినదాన్ని తీసేసి, మంచిదానికి కుట్లు వేయాలి. రెండూ ఒకే మత్తులో. నేను అత్తను, నా సంతకం చెల్లదు. నువ్వు రాసిస్తే చాలు. నీ కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను.

అక్క


పై స్టేషను,
జూలై

అక్కా,

చదివాను. జంతువుల్లో అని ఆయనే అన్నాడు కదా. పిల్లల్లో చెప్పలేం అని కూడా ఆయనే అన్నాడు. చెప్పలేనిదాని కోసం పిల్లవాణ్ని మళ్లీ ఆ బల్ల ఎక్కించాలా?

చిన్నప్పుడు నువ్వు నన్ను బావిలోకి తొంగిచూడొద్దంటే నేను తొంగిచూసేవాణ్ని, అలా మొండికేస్తున్నాననుకుంటావు. మొండితనం కాదు. నువ్వు రాసిన కాగితం పట్టుకుని పెన్ను తీసుకుంటే నా చేతుల్లో చెప్పులు కనిపిస్తాయి. లోపలికి వెళ్లేటప్పుడు ఆవిడ వేళ్లు చల్లగా ఉన్నాయి. త్వరగా రా అని కూడా అనలేదు, పక్కింటికి వెళుతున్నట్టు పంపించాను.

కొండ మూసేదాకా ఆగు. నేనే వాడి చెయ్యి పట్టుకుని తీసుకెళతాను. నేను పక్కన లేకుండా వద్దు. ఇది తప్ప ఇంకేమీ అడగను.

వాడికి బస్సు కండక్టరు గొంతు మానిపించకు. నేనొచ్చి వినాలి.

తమ్ముడు


లాండ్రీ మేడ మీద,
ఆగస్టు

తమ్ముడూ,

రక్త పరీక్ష వచ్చింది. తలలో ఒక చిన్న గ్రంథి ఉంటుందట, అది కింద బీజానికి పని చెయ్యి, పని చెయ్యి అని కబురు పంపుతూ ఉంటుంది. కింద పని సరిగా సాగితే ఊరుకుంటుంది, సాగకపోతే కబురు మీద కబురు. వాడి రక్తంలో ఆ కబుర్లు ఉండాల్సిన దానికన్నా ఎక్కువున్నాయి. ఉన్న ఒక్కటీ కష్టపడుతోందన్నమాట. కాపలావాళ్ల ఆయుధాలు కూడా కాస్త కనిపించాయి. కంగారు పడొద్దు, ఒక్కటే కాబట్టి ఇలా ఉండొచ్చు, కానీ ఆలస్యం మాత్రం చేయొద్దు అన్నాడు సర్జను. ఆయన గొంతు పెంచలేదు. గొంతు పెంచి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

నువ్వు పక్కన ఉండాలంటావు. మరి రా. సీజను మధ్యలో సెలవు ఇవ్వరంటావు. ఏ ఒక్కటీ కుదరదంటే నేనేం చేయను? నీ భయం నాకు తెలుసు. ఆవిడ చెప్పులు ఇప్పటికీ నా బీరువా అడుగున ఉన్నాయి. కానీ భయం నీది, ఒళ్లు వాడిది.

ఒక్క మంచి మాట చెప్పాలంటే, ఈమధ్య పిడుగు బుద్ధిమంతుడైపోయాడు. అల్లరి లేదు. ఏది పెడితే అది తింటున్నాడు. బడి నుంచి రాగానే కిందికి వచ్చి నాతో దుప్పట్లు మడత పెడుతున్నాడు. రెండు కొసలు వాడు, రెండు కొసలు నేను పట్టుకుని దగ్గరికి నడుస్తాం. ఎలా ఉందిరా అని రోజూ అడుగుతాను. బాగుందత్తా అంటాడు. వాడు ఇంత నెమ్మదస్తుడవుతాడని నేననుకోలేదు. దిష్టి తగలకూడదు.

జవాబు రాయి. ఒక్క వాక్యం చాలు, కింద సంతకం.

అక్క


పై స్టేషను,
సెప్టెంబరు

అక్కా,

ఇది అనుమతి. విడి కాగితం మీద కూడా రాసి సంతకం పెట్టాను, లోపల ఉంది. చచ్చినదాన్ని తీసేయమను. మంచిదానికి కుట్లు వేయమను. నా కోసం ఆగొద్దు.

ఏం జరిగిందో చెబుతాను. మా పెద్ద తాడును కొండకు పట్టి ఉంచే ఇనుప బిగింపులు రెండున్నాయి. ఒకే రోజు ఒకే మూసలో పోసినవి. పోయిన వారం వాటిలో ఒకటి పగిలింది. మార్చాం. రెండోది బాగానే ఉంది, లైను నడపండి అన్నాడు మేనేజరు. నేను అడ్డం తిరిగాను. ఒకే మూసలో పుట్టినవి, దీనిలో ఉన్న లోపం దానిలోనూ ఉంటుంది, ఇప్పుడే విప్పి బిగించాలి అని అరిచాను. నడుస్తున్న లైను ఆపించాను. విప్పి చూస్తే పగులు అప్పుడే మొదలైంది, వెంట్రుకంత. దాన్నీ మార్చి కొత్తది బిగించి నిచ్చెన దిగుతున్నాను, నా నోట్లోంచి వచ్చిన మాటలు ఎవరివో అప్పుడు తెలిసింది. ఆ సర్జను నీతో అన్నవే. ఆరు నెలలుగా నువ్వు నాకు రాస్తున్నవే. ఇనుముకైతే నాకు వెంటనే అర్థమైంది.

నిచ్చెన మెట్టు మీదే కూర్చుండిపోయాను. మంచి తాడు జోలికి వెళ్లొద్దన్నది నిజమే, కానీ అది పట్టుకుని వేలాడే బిగింపును చూడొద్దని ఎవరూ చెప్పలేదు నాకు. తాడు పాఠం ఒకటి పట్టుకుని, భయానికి దాన్ని తొడుగులా వేసుకున్నాను.

తాడంతా పరీక్షించేదాకా లైను ఆగి ఉంది కాబట్టి తొట్లు దిగడం లేదు. వానకు కాలిబాట జారిపోయింది. మొదటి తొట్టి దిగగానే ఈ ఉత్తరం దిగుతుంది. అందిన రోజే తీసుకెళ్లు.

వాడితో చెప్పు, నాన్న ఒప్పుకున్నాడని. లోపలికి వెళ్లేటప్పుడు వాడి చెప్పులు నువ్వు పట్టుకోకు. మంచం కింద పెట్టమను.

తమ్ముడు


ఆసుపత్రి,
సెప్టెంబరు

తమ్ముడూ,

నీ దగ్గర నుంచి జవాబు రాలేదు. ఇక రానక్కర్లేదు. రెండోది కూడా పోయింది.

ఎలా రాయాలో తెలియక జరిగినది జరిగినట్టు రాస్తున్నాను. మంగళవారం పొద్దున బడికి వెళ్లనన్నాడు, సెలవే కదత్తా అన్నాడు. నిజంగానే సెలవు. కిందికి వచ్చి పనిలో చేరాడు. హాస్టలు దుప్పట్లు చాలా వచ్చాయి. రోజంతా వాడు నాతో మడత పెట్టాడు. కొసలు పట్టుకుని దగ్గరికి నడవడం, మళ్లీ వెనక్కి నడవడం. చెమటలు పడుతున్నాయి. బాయిలరు వేడి అనుకున్నాను. కూర్చోరా అంటే నిలబడితేనే బాగుందన్నాడు. ముఖం చూసి అడిగాను, ఒంట్లో బాగుందా అని. బాగుందత్తా అని నవ్వాడు. నా ఎదురుగా, నా దుప్పటి రెండో కొసన, వాడు చచ్చిపోతూ నవ్వాడు. నేను వాడికి శనగలు వేయించి పెట్టాను.

సాయంత్రం ఇస్త్రీ బల్ల కింద పడిపోయాడు.

సర్జను పరిగెత్తించాడు. విప్పాడు, వేడి గుడ్డ కప్పాడు, చాలాసేపు చూశాడట. రంగు రాలేదు. రెండూ తీసేశాడు. బయటికి వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. ఆ తర్వాత చెప్పాడు. ఇక వాడి ఒంట్లో ఆ హార్మోను పుట్టదు. గొంతు మారాలన్నా, మీసం రావాలన్నా ఇంజెక్షన్లతోనే, బతికినన్నాళ్లూ. పిల్లలు పుట్టరు. కాపలావాళ్ల గురించి నేను అడిగాను, పిచ్చిదానిలా. వాళ్లకు కాపలా కాయడానికి ఇక ఏమీ మిగలలేదమ్మా అన్నాడు.

మత్తు దిగాక వాణ్ని అడిగాను. తిట్టడానికి కాదు, నాకు తెలియాలి. పొద్దుటి నుంచీ నొప్పి ఉంటే ఎందుకు చెప్పలేదురా? అప్పటికి వాడికి ఇంకా విషయం చెప్పలేదు. గోడవైపు చూస్తూ అన్నాడు:

“చెబితే నాన్న నీకు మళ్లీ అలాంటి ఉత్తరం రాస్తాడు కదత్తా. అది వచ్చిన రోజు నువ్వు బాయిలరు వెనకాల కూర్చుని ఏడ్చావు. తగ్గిపోతుందిలే అనుకున్నాను. ఇంతకుముందు రెండుమూడుసార్లు వచ్చి తగ్గిపోయింది.”

వచ్చి తగ్గిపోయిందట. ఎప్పుడు? ఈ వేసవంతా. నేను బుద్ధిమంతుడయ్యాడని నీకు గొప్పగా రాసిన రోజుల్లో.

నీ మీద కోపం లేదు నాకు. కోపం ఉంటే ఇంకొంచెం బలంగా ఉండేదాన్ని.

అక్క


పై స్టేషను,
అక్టోబరు

అక్కా,

నా ఉత్తరం కిందికి తెచ్చిన తొట్టి, నీ ఉత్తరం పైకి తెచ్చిన తొట్టి దారిలో ఒకదాన్నొకటి దాటుకుని ఉంటాయి. నేనే నిలబడి నడిపించాను.

ఏమీ రాయలేకపోతున్నాను. ఆ వాక్యం నేను రాసినప్పుడు మంచు పడుతోంది, నాకు చెయ్యి దురద పెట్టింది, రాశాను. వాడు దాన్ని చదవను కూడా లేదు. నీ ముఖం మీద చూసి ఒంట్లో దాచుకున్నాడు. నా కొడుకు నానుంచి నిన్ను కాపాడాలనుకున్నాడు, అక్కా. తండ్రి నుంచి.

కొండ ఈ వారం మూసేస్తున్నారు. అందరూ దిగిపోతున్నారు. చలికాలం కాపలాకు ఒక మనిషి కావాలంటే నా పేరు ఇచ్చాను. ఏ ముఖం పెట్టుకుని రాను? గుమ్మంలో నిలబడి వాడితో ఏమనను? నన్ను చూస్తే వాడు మళ్లీ బాగుందంటాడు. అది వినే ధైర్యం నాకు లేదు. నేను లేకపోతేనే వాడికి మంచిది. మంచివాళ్లకు నేను తగలకుండా ఉంటేనే మంచిదని ఇప్పటికైనా తెలుసుకున్నాను.

ఇంజెక్షన్లు క్రమం తప్పనివ్వకు. వాడి గొంతు మారితే రాయి.

తమ్ముడు


లాండ్రీ,
అక్టోబరు

తమ్ముడూ,

నీ అనుమతి కాగితం వచ్చింది. సర్జనుకు ఇవ్వలేదు. ఆయనకు ఇంకో బాధ ఎందుకు?

కాపలాకు పేరిచ్చానంటున్నావు. అక్కడ మంచు తప్ప కాపలా కాయడానికి ఏముంది? పేరు వెనక్కి తీసుకో. ఎందుకో చెబుతాను.

వాడికి సంగతంతా సర్జనే చెప్పాడు. పిడుగు విన్నాడు. పోయినసారి గొంతు గురించి అడిగినవాడు ఈసారి గొంతు గురించి కూడా అడగలేదు. మొదటి ఇంజెక్షను తొడలోకి వేశారు, మందు చిక్కగా నూనెలా ఉంటుంది, పెద్దవాళ్లే పళ్లు బిగిస్తారట. నర్సు నొప్పిగా ఉందా బాబూ అంది. లేదండీ అన్నాడు. మంచి అబ్బాయి అంది ఆవిడ. కుట్లు విప్పినప్పుడు లేదన్నాడు. బడిలో ఎవడో తోస్తే మోచెయ్యి కొట్టుకుపోయి వచ్చాడు, లేదన్నాడు.

నిన్న కింద పని చేస్తున్నాం. నేను వెనక్కి తిరిగి గంజి కలుపుతున్నాను. ఏదో కాలిన వాసన వచ్చింది. గుడ్డ అంటుకుందనుకుని తిరిగాను. గుడ్డ కాదు. ఇస్త్రీ పెట్టె వాడి చేతి మీదికి ఒరిగి ఉంది. వాడు దాన్ని చూస్తున్నాడు. చెయ్యి తీయలేదు, కేక వేయలేదు. నేను పరిగెత్తి లాగేసి, చెయ్యి నీళ్ల తొట్టిలో ముంచి, వాణ్ని ఊపేస్తూ అడిగాను. “నొప్పి లేదత్తా” అన్నాడు. నన్ను ఓదారుస్తున్నట్టు అన్నాడు.

నేను ఏడవలేదు. ఏడిస్తే ఏమవుతుందో నాకిప్పుడు తెలుసు. నవ్వాను. వాడి ముందు నేనూ నవ్వుతున్నాను, నా ముందు వాడూ నవ్వుతున్నాడు. ఈ ఇంట్లో ఇద్దరమూ అలా బతుకుతున్నాం.

నువ్వు గుమ్మంలో ఏమనాలో నాకు తెలియదు. ఏమీ అనకపోయినా సరే. వాడు బాగుందంటాడు, అది నిజం. వాడు అలా అనడమే నీకు శిక్ష అనుకుంటే, వచ్చి ఆ శిక్ష పడు. పైన కూర్చుని తప్పించుకోకు. వాడు కోపంగా నిన్ను నాలుగు మాటలంటే ఆ నాలుగూ నిలబడి విను. నాకు అది చేతకాదు, వాడికి నా మీద కోపం రావడం లేదు.

రేపు నేను సంచిలో బట్టలు సర్దుకుని వాణ్ని తీసుకుని నీ దగ్గరికే రాగలిగితే వచ్చేదాన్ని. కొండ మూసేస్తున్నారంటున్నావు. తాడు ఆగిపోయినా, కాలిబాట బాగుచేశారట, నడిచి దిగు. దిగి వచ్చి, ఎలాగైనా సరే, ఎన్నాళ్లు పట్టినా సరే, వాడి చేత ఒక్కసారి నొప్పిగా ఉందని అనిపించు.

అక్క